అరటాకు కట్టలు, అమ్మ వృత్తి గడి

ఈ పోస్టు కాస్త పొడుగే, ఓపికతో చదవండి. ఎక్కడో దూరపు దీవిలో ఒక ఆలుమగల కాపురం గురించి మొదలుపెడతాం, చివరికి మన ఇంటికే వస్తాం.

పాపువా న్యూగినీ తూర్పు సముద్రంలో ట్రోబ్రియాండ్ దీవులు ఉన్నాయి. వాటిలో పెద్దది కిరివినా. అక్కడి జనానికి పెండలం దుంపే అన్నం. పోలండ్‌లో పుట్టిన మలినోవ్‌స్కీ 1915 నుంచి 1918 మధ్య రెండు విడతలుగా అక్కడ గుడారం వేసుకుని, వాళ్ల భాష నేర్చుకుని, చూసింది చూసినట్టు రాసుకున్నాడు. ఆంత్రపాలజీ చదివే మనవాళ్లకు ఈ పేరు మొదటి సెమిస్టర్‌లోనే తగులుతుంది. వాళ్ల కాపురాల మీద 1929లో ఆయన వేసిన పుస్తకం పేరులోనే వాళ్లను 'ఆటవికులు' అన్నాడు. ఆ మాట మనకు కొత్తేం కాదు కదా!

ముందు ఊరు చూద్దాం. ఆయన ఉన్న ఒమరకానా గుండ్రంగా ఉండేది. లోపలి వరుసలో దుంపల గాదెలు, బయటి వరుసలో కాపురం ఇళ్లు, రెండింటి మధ్య వీధి. ఇల్లు నేల మీదే, చిన్నది, లోపల చీకటి. గాదెను మాత్రం ఎత్తు మీద కట్టేవాళ్లు. దుంగల మధ్య సందులు వదిలేవాళ్లు, లోపలి దుంపలు దారిన పోయేవాళ్లకు కనబడాలని.

పెళ్లికి మంత్రాలు లేవు, మేళాలు లేవు. పడుచువాళ్లు అంతకుముందు కలిసి తిరిగినా ఎవరూ ఏమీ అనరు, కలిసి తినడం మాత్రం కుదరదు. ఒకరోజు పొద్దున పిల్ల తన ఇంటికి పోకుండా పిల్లవాడి ఇంట్లోనే ఉండిపోయి, అందరూ చూస్తుండగా అతనితో కలిసి తింటుంది. అంతే, పెళ్లయిపోయినట్టే.

ఇక రోజు ఎట్లా గడిచేదంటే, పొద్దున్నే ఆడవాళ్లు కొబ్బరి చిప్పల బుర్రలు పట్టుకుని నీళ్లకు పోయేవాళ్లు. ఊరి కబుర్లన్నీ అక్కడే. తర్వాత ఇద్దరూ తోటకు. చెట్లు కొట్టడం మగవాడి పని, కలుపు తీయడం ఆడమనిషి పని. బుట్ట ఆమె తలమీద మోస్తుంది. అతను భుజం మీదే మోయాలి, తలమీద పెట్టుకుంటే సిగ్గు. కానీ పిల్లల్ని ఎత్తుకోవడం, కడగడం, ఆడించడం తండ్రి ఇష్టంగా చేసేవాడు. ఆ పిల్లలు మాత్రం తల్లి వంశానికే చెందుతారు. భూమి హక్కు మేనమామ నుంచి వస్తుంది. మొగుడితో పడకపోతే ఆమె తన సామాను సర్దుకుని పుట్టింటివాళ్ల దగ్గరికి వెళ్లిపోయేది.

మరి ఇంటిముందు గాదె నింపేదెవరు? ఆమె అన్నదమ్ములు! తమ పంటలో మంచి దుంపలు ఏరి, ఊరంతా చూసేలా కుప్ప పోసి, తర్వాత అక్కచెల్లెళ్ల ఇంటికి మోసుకొచ్చేవాళ్లు. బావ గాదె నిండితే వాళ్లకు పరువు. ఈ దుంపల రాకపోకల్ని మలినోవ్‌స్కీ ఎంత శ్రద్ధగా రాశాడంటే, తోటల మీదే 1935లో రెండు సంపుటాలు వేశాడు.

అయితే ఆయన కళ్లముందే ఉన్నా పెద్దగా పట్టించుకోనిది ఒకటుంది. 1971లో అనెట్ వైనర్ అనే అమెరికా ఆవిడ అదే దీవికి వెళ్లింది. తొలి రోజుల్లోనే ఊరి ఆడవాళ్లు ఆమెను ఒక చావు పంపకానికి వెంటబెట్టుకుపోయారు. అక్కడ నడుమ కూర్చున్నవాళ్లంతా ఆడవాళ్లే. వాళ్ల ముందు వేల కొద్దీ ఎండిన అరటాకు కట్టలు, నార పావడాలు. ఆకును పలక మీద పరిచి గీకి, ఎండబెట్టి, చీలికల్ని కలిపి కట్టిన కట్టలవి. తినడానికి రావు, కట్టుకోవడానికీ రావు. కానీ మనిషి పోయినప్పుడు ఆ వంశం ఆడవాళ్లు, పోయినవాళ్ల తండ్రి వైపు వాళ్లకు, ఆలి లేదా మగడి వైపు వాళ్లకు, దుఃఖం పట్టినవాళ్లకు ఇవి పంచి రుణం తీర్చాలి. ఎక్కువ పంచిన ఆమె గొప్పది.

ఇక్కడే కాపురం లెక్క తెలుస్తుంది. బావమరిది దుంపలు తిన్న మొగుడు ఊరికే కూర్చోలేడు. భార్య వంశంలో చావు జరిగితే పందిని ఇచ్చో, ఇంకేదన్నా ఇచ్చో ఆమెకు కట్టలు సంపాదించి పెట్టాలి. అంటే ఆడవాళ్ల సొత్తు మగవాళ్ల సొత్తును కదిలిస్తోంది. వైనర్ ఈ సంగతి 1976లో పుస్తకంగా వేసింది. అప్పటిదాకా ప్రపంచం చదువుకున్నది సగం ఇల్లే.

ఇది మనకెందుకంటారా? లండన్‌లో మలినోవ్‌స్కీ సెమినార్‌లో కూర్చున్నవాళ్లలో హైమన్‌డార్ఫ్ ఒకరు. తర్వాత హైదరాబాద్ రాజ్యానికి వచ్చి చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద 1948లో పుస్తకాలు వేసింది ఆయనే. గోండులకు భూమి పట్టాల కోసం, బడుల కోసం ఆయన చేసింది మనం మరిచేది కాదు. భార్య బెట్టీ కూడా ఆయన వెంట ఊళ్లు తిరిగింది. మార్లవాయిలో ఇద్దర్నీ ఈరోజుకీ తలుచుకుంటారు. మేం అనేది ఒక్కటే. ఎంత మంచి మనసుతో వచ్చినా, ఎంత ఓపికగా చూసినా, బయటివాళ్ల కంటికి ఆనని మూలలు ఇంట్లో ఉంటాయి.

తప్పు బయటివాళ్లదేనా? హాస్టల్ అప్లికేషన్‌లో 'తల్లి వృత్తి' అనే గడి ఉంటుంది. మాలో దాదాపు అందరం అక్కడ 'గృహిణి' అనే రాశాం. తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరిన అమ్మ, అడ్డాకులు కుట్టిన అమ్మ, చింతపండు కొట్టి సంతకు మోసిన అమ్మ, చుట్టం చస్తే ఏ ఇంటికి ఎన్ని మానికల బియ్యం పట్టుకుపోవాలో లెక్క తప్పని అమ్మ. ఆమెను రెండు అక్షరాల తేడాతో 'పనేమీ లేదు' పక్కన కూర్చోబెట్టింది మనమే.

మలినోవ్‌స్కీకి భాష పరాయిది. మనకు ఆ సాకు కూడా లేదు.

ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకుపోండి. అమ్మ, అవ్వ ఒక రోజులో చేసే పని, వాళ్ల చేతి మీదుగా ఇంట్లోకి వచ్చేవి, బయటికి పోయేవి, పెళ్లికీ చావుకీ ఎవరికి ఏం పెట్టారో అన్నీ అడిగి, వాళ్లు చెప్పిన మాటల్లోనే రాయండి. రాసింది ఇక్కడ పెట్టండి, అందరం చదువుకుందాం.

జోహార్.