పాఠంలో లేని పేరు

సాహిత్యంలో డాక్టరేట్ పూర్తయ్యాక, యంత్రాలతో మాట్లాడే భాషలేమిటో తెలుసుకుందామని ఒక కాలేజీలో ప్రోగ్రామింగ్ కోర్సులో చేరాను. డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్ పాఠాల్లో పద్ధతులతో పాటు పేర్లూ వినిపించేవి. మెర్జ్ సార్ట్ అంటే 1945, వాన్ న్యూమన్. క్విక్ సార్ట్ అంటే టోనీ హోర్. తరగతిలో సగానికి పైగా అమ్మాయిలే, పాఠంలో మాత్రం ఒక్క స్త్రీ పేరూ లేదు. మన సాహిత్య చరిత్రలు చదివిన అలవాటు కొద్దీ లేని పేర్ల కోసం వెతికాను.

దొరికిన పేరు బెట్టీ హోల్బర్టన్ (1917-2001). పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మొదటి రోజే లెక్కల ప్రొఫెసర్ ఆమెను, ఇంట్లో ఉండి పిల్లల్ని పెంచుకోరాదా అని అడిగాడు. ఆమె జర్నలిజం చదివింది. రెండో ప్రపంచయుద్ధంలో ఫిరంగి గుళ్ల మార్గాలు లెక్కకట్టడానికి స్త్రీలు కావలసివచ్చారు. ఆ ఉద్యోగం పేరే 'కంప్యూటర్'. 1945లో వాళ్లలోంచి ఆరుగురిని ఎనియాక్ యంత్రానికి ఎంపిక చేశారు, హోల్బర్టన్ వాళ్లలో ఒకరు. నేర్పే పుస్తకం లేదు, ప్రోగ్రామింగ్ భాష లేదు. యంత్రం పటాలు చదివి తమకు తామే నేర్చుకున్నారు.

తర్వాత యూనివాక్ కోసం, 1951-52 ప్రాంతంలో, ఆమె సార్ట్-మెర్జ్ జనరేటర్ రాసింది. పేకముక్కలు ముందు పెట్టుకుని, ఏది దేనికన్నా ముందు రావాలో తేల్చే దారులు గీసుకుంది. సమాచారం ఎలా ఉందో చెబితే చాలు, దాన్ని వరుసపెట్టే ప్రోగ్రామును ఆ జనరేటరే తయారుచేసేది. ప్రోగ్రాము మరో ప్రోగ్రామును రాయగలదన్న ఈ ఆలోచనే తన కంపైలర్‌కు ప్రేరణ అని గ్రేస్ హాపర్ చెప్పింది.

ఇదంతా ఎక్కడో మరుగునపడిన సంగతి కాదు. 1973లో డొనాల్డ్ కనూత్ సార్టింగ్ మీద వేసిన సంపుటంలో ఆమె పని నమోదైంది. మరి తరగతి దాకా ఎందుకు రాలేదు? ఎనియాక్ స్త్రీల పనిని ఆనాడు వృత్తి నిపుణుల స్థాయికి దిగువన లెక్కగట్టారు. పద్ధతి కనిపెట్టడం మేధస్సు, దాన్ని యంత్రం చేత చేయించడం గుమాస్తా పని అన్న ఆ విభజన మన పాఠాల్లో ఇంకా ఉంది. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ ముద్దుపళని కావ్యాన్ని తిరిగి అచ్చు వేయించింది. హోల్బర్టన్ విషయంలో మన పని అంతకన్నా సులువు. రికార్డు సిద్ధంగా ఉంది. మెర్జ్ సార్ట్ చెప్పే రోజున వాన్ న్యూమన్ పక్కన ఆమె పేరు కూడా బోర్డు మీద రాయాలి.