మడిచిన చీటీ

లండన్. సత్య మంత్రిత్వ శాఖలో పొడవాటి నడవా. విన్‌స్టన్ స్మిత్ వెనకే నడవండి. 39 ఏళ్లవాడు, చీలమండ పైన మానని పుండు. పాత పత్రికల్లో వార్తల్ని దేశాన్నేలే పార్టీకి నచ్చినట్టు తిరగరాయడం అతని ఉద్యోగం. మొహంలో ఏ భావమూ కనపడనివ్వకండి, గోడమీది టెలిస్క్రీన్ చూస్తోంది.

ఎదురుగా నల్లజుట్టు పిల్ల వస్తోంది. కుడిచేతికి కట్టు. ఆమె తన వెంటపడ్డ గూఢచారి అని విన్‌స్టన్ అనుమానం. రాయితో తల పగలగొడదామనుకున్న రోజు కూడా ఉంది. నాలుగు మీటర్ల దూరంలో తూలి బోర్లా పడింది. లేవదీశాడు. ఆమె వెళ్లిపోయింది. అతని అరచేతిలో మడిచిన కాగితం!

మరుగుదొడ్డిలో చదవచ్చుగా అంటారేమో. అక్కడా నిఘాయే. బల్లమీది కాగితాల్లో దాన్ని కలిపేసి, పని చేస్తున్నట్టు నటిస్తున్నాడు. బెదిరింపా, చావు కబురా? చివరికి విప్పాడు. ప్రేమిస్తున్నానని రాసింది. ఇంకోసారి చదివి, కొలిమిలోకి పోయే గోడ కంతలో పడేశాడు.

ఇక్కడ పార్టీ సభ్యుల పెళ్లికి కమిటీ అనుమతి కావాలి. ఒకరంటే ఒకరికి మోజుందని తోస్తే అది రాదు. అందుకే రోజుల తరబడి ఎదురుచూపు. ఆఖరికి క్యాంటీన్లో నీళ్ల పులుసు తాగుతూ, తలెత్తకుండా, పెదాలు కదలకుండా చోటూ వేళా చెప్పుకున్నారు. ఆ సాయంత్రం విక్టరీ చౌక్ గుంపులో ఆమె చెయ్యి దొరికింది. పొడుగు వేళ్లు, కాయలు కాచిన అరచేయి. ఆమె కళ్లది ఏ రంగో అతనికింకా తెలీదు, తిరిగి చూస్తే ప్రమాదం.

నన్నడిగితే 1949లో వచ్చిన జార్జ్ ఆర్వెల్ ‘1984’లో అసలు తిరుగుబాటుదారు ఈ నల్లజుట్టు పిల్ల జూలియానే. విన్‌స్టన్ నిషిద్ధ గ్రంథం చదివి వినిపిస్తుంటే ఆమె నిద్రపోతుంది. నల్లబజారు కాఫీ, పంచదార, జామ్ మోసుకొచ్చేది మాత్రం తనే. పాతసామాన్ల దుకాణం పైన వాళ్లు అద్దెకు తీసుకున్న గదిలో, గోడ పటం వెనక టెలిస్క్రీన్ దాగుంది. అలా దొరికిపోయాక, చిత్రహింసలు పెట్టే 101వ గదిలో, ఎలుకల పంజరం మొహానికి దగ్గరవుతుంటే, ఈ శిక్ష తనకొద్దు, జూలియాకు వేయమని విన్‌స్టన్ అరుస్తాడు. ఆమె కూడా అతణ్ని అలాగే అప్పగించేసింది. తర్వాత ఇద్దరూ పార్కులో ఎదురుపడి ఆ సంగతి చెప్పుకున్నారు. అప్పుడు వాళ్లను పార్టీ పెద్దగా పట్టించుకోలేదు. ఇక ఆ అవసరం లేదు.