నల్లమందు కథలో రైతు ఎక్కడ?

మత్తు పదార్థాల వ్యాపారం మీద వచ్చే కథల్లో సాధారణంగా ముగ్గురే కనిపిస్తారు: దొంగ వ్యాపారి, పోలీసు, మత్తుకు బానిసైన మనిషి. ఆ సరుకును పండించినవాడు కనిపించడు. అతన్ని కథలోకి తెచ్చినప్పుడు కథ రాజకీయాలే మారిపోతాయని నా అభిప్రాయం. 1989లో బ్రిటన్‌లో చానల్ ఫోర్ ప్రసారం చేసిన ఆరు భాగాల టెలివిజన్ నాటకం ‘ట్రాఫిక్’ను ఈ దృష్టితోనే పరిశీలిస్తున్నాను. దీన్ని సైమన్ మూర్ రాశాడు, అలస్టేర్ రీడ్ దర్శకత్వం వహించాడు.

ఇందులో మూడు కథలు సమాంతరంగా నడుస్తాయి. లండన్‌లో మాదకద్రవ్యాల నిరోధం చూసే మంత్రి జాక్ లిత్‌గో. అతని కూతురే హెరాయిన్‌కు బానిస. హాంబర్గ్‌లో సరుకు దిగుమతి చేసుకునే వ్యాపారి అరెస్టవుతాడు. అతని భార్య హెలెన్ ఆ వ్యాపారాన్ని తన చేతుల్లోకి తీసుకుంటుంది. మూడోవాడు పాకిస్తాన్‌లో గసగసాలు పండించే పేద రైతు ఫజల్. పంట పోగొట్టుకొని, బతుకుతెరువు కోసం కరాచీ చేరి, హెరాయిన్ వ్యాపారి కొలువులో పడతాడు. పొలాన్ని నాశనం చేసినా వ్యాపారం ఆగలేదు. పైగా దానికొక చవక కూలీ దొరికాడు.

ఫజల్ వెనక రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. 1773లో వారన్ హేస్టింగ్స్ బెంగాల్ నల్లమందు వ్యాపారాన్ని ఈస్టిండియా కంపెనీ గుత్తకిందికి తెచ్చాడు. రైతుకు ముందుగా బయానా ఇచ్చి, తాను నిర్ణయించిన ధరకే కంపెనీ పంటంతా తీసుకునేది. కలకత్తాలో వేలం వేసేది. చైనాలో ఆ సరుకు నిషిద్ధం గనక అక్కడికి చేర్చే పని ప్రైవేటు వర్తకులకు వదిలి తాను పెద్దమనిషిలా నిలబడింది. 1839లో చైనా అధికారి లిన్ జెషూ ఇరవై వేలకు పైగా పెట్టెల నల్లమందును ధ్వంసం చేయిస్తే బ్రిటన్ యుద్ధానికి దిగి, 1842 నాన్కింగ్ సంధితో హాంకాంగ్‌ను గుంజుకుంది. ఫజల్ పొలం కంపెనీ బీహారులో లేదు, నిజమే. కాని ఒకనాడు రైతుచేత గసగసాలు వేయించిన రాజ్యమే, ఇప్పుడు ఆ పంట మానితేనే సహాయమని షరతు పెడుతోంది. రెండుసార్లూ రైతును అడిగినవాడు లేడు.

నాటకానికి పరిమితి లేకపోలేదు. మంత్రిని లోపలినుంచి కదిలించేది ప్రధానంగా సొంత కూతురి పతనమే. ఫజల్ కష్టం అతనికి తెలిసిన విషయంగా మిగులుతుందేగాని, అనుభవం కాదు. అయినా రైతు అక్కడున్నాడు గనక ప్రేక్షకుడు తనంతట తాను లెక్క వేసుకోగలడు.

2000లో స్టీవెన్ సోడర్‌బర్గ్ ఇదే కథను అమెరికా-మెక్సికో సరిహద్దుకు మార్చి సినిమా తీశాడు. దానికి నాలుగు ఆస్కార్ బహుమతులు వచ్చాయి. మంత్రి స్థానంలో న్యాయమూర్తి ఉన్నాడు, వ్యాపారి భార్య ఉంది. ఫజల్ స్థానంలో మెక్సికన్ పోలీసు వచ్చాడు. ఈ మార్పును కేవలం శిల్పానికి సంబంధించినదిగా నేను చూడలేను. రైతు తప్పుకోగానే భూమి, అప్పు, ధర తప్పుకున్నాయి. మిగిలింది అవినీతిపరులైన అధికారులూ, ఒక నిజాయితీపరుడూ. అంటే వ్యవస్థ ప్రశ్న వ్యక్తి శీలం ప్రశ్నగా కుదించుకుపోయింది.

2021లో విశాఖ మన్యంలో పోలీసులు గంజాయి తోటలు నరికించి తగలబెట్టారు. దానిమీద కథ రాయబోయే మన రచయిత ఎదుట కూడా ఈ రెండు దారులే ఉన్నాయి. తోట తగలబడ్డ మర్నాడు ఆ గిరిజన కుటుంబం ఏం తిన్నదో రాయడంతో మొదటి దారి మొదలవుతుంది.