అక్షరమా, ఆత్మా? కనుమల అంచున ఒక పాత వివాదం

బొబ్బిలికీ సాలూరుకీ నడుమ దూరం సుమారు ఇరవై కిలోమీటర్లు. పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ రెండు ఊళ్లలోనూ తెలుగు బైబిలు చేతబట్టుకున్న విదేశీ బోధకులుండేవారు. బొబ్బిలిలో 1879 నుంచి కెనడియన్ బాప్టిస్టులు. సాలూరులో జర్మన్ లూథరన్లు. క్రిస్టియన్ యెన్సెన్ అనే పాస్టరు 1876లో ఉత్తర జర్మనీలోని బ్రెక్లుమ్ గ్రామంలో నెలకొల్పిన మిషనుకు చెందినవారు వీరు. ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోట్‌మన్ అనే ఇద్దరు 1882లో ఈ దేశం వచ్చారు. వారి దృష్టి కనుమల పైనున్న జయపురం సంస్థానం మీద.

బాప్తిస్మం దగ్గర బాప్టిస్టు అక్షరవాది. మూల గ్రీకు పదానికి ముంచడమని అర్థం గనుక నీటిలో పూర్తిగా ముంచవలసిందే; విశ్వాసం ఎరుగని పసిబిడ్డకు అది తగదు. లూథరన్ బోధకుడు మాత్రం పసిబిడ్డ తలపై నీళ్లు పోసి సంస్కారం పూర్తయిందంటాడు. ప్రభురాత్రి భోజనం దగ్గరకు వచ్చేసరికి ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు. రొట్టె క్రీస్తు శరీరానికి గుర్తు మాత్రమేనని బాప్టిస్టు, అందులో క్రీస్తు నిజంగానే ఉన్నాడని లూథరన్. అక్షరార్థం ఒక పక్షమూ, ఆధ్యాత్మికార్థం మరొక పక్షమూ అని విడదీసి చెప్పే పుస్తకాలను నేను అంతగా నమ్మకపోవడానికి ఇదే కారణం. ఏ వాక్యాన్ని ఎలా చదవాలో ప్రతి సంఘమూ తనకు తానే నిర్ణయించుకుంది.

ఈ భోజన వివాదం మూలం 1529 అక్టోబరులో మార్బుర్గ్‌లో ఉంది. జ్వింగ్లీతో వాదానికి కూర్చున్న లూథర్ బల్లమీద సుద్దతో క్రీస్తు మాటను లాటిన్‌లో రాసి పెట్టుకున్నాడు. వాదమంతా 'ఎస్ట్' అనే చిన్న క్రియ చుట్టూ తిరిగింది. 'అయివున్నది' అని లూథర్, 'సూచిస్తున్నది' అని జ్వింగ్లీ. ఇతర విషయాలన్నిటా ఏకీభవించినా దీని మీద మాత్రం విడిపోయారు. మన భాషలో చమత్కారమేమంటే, ఆ క్రియే లేదు. 'ఇది మా ఇల్లు' అన్నప్పుడు మనకు క్రియ అక్కరలేదు గదా! ఐరోపాను చీల్చిన పదం తెలుగు అనువాదంలోకి రానే రాలేదు. వివాదం మాత్రం ఓడెక్కి వచ్చింది.

ఆ అనువాదం మొదలైన చోటు కూడా దూరమేమీ కాదు. 1805లో లండన్ మిషన్ వారైన జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. వారికి తోడ్పడినవాడు క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయరు. క్రాన్ 1809లోనూ, డే గ్రాంజెస్ 1810లోనూ మరణించారు. వారు తెనిగించిన సువార్తలు శ్రీరాంపురంలో అచ్చయ్యేనాటికి ఇద్దరూ లేరు.

గ్రంథాన్ని పొరలుపొరలుగా చదవాలన్న సిద్ధాంతం ఇంకా పాతది. దేహం, ప్రాణం, ఆత్మ వలె లేఖనానికీ మూడు అర్థాలున్నాయని మూడవ శతాబ్దంలో అలెగ్జాండ్రియావాడు ఓరిగెన్ అన్నాడు. అటువంటివాడే యౌవనంలో నపుంసకులను గురించిన సువార్త వాక్యాన్ని అక్షరాలా పాటించి తనను తాను ఖండించుకున్నాడని యుసేబియస్ రాశాడు! అంతియొకయ పండితులు మాత్రం చరిత్రను విడిచి ఉపమానాల వెంట పరుగెత్తవద్దన్నారు.

ఈ తర్కమంతా కనుమలెక్కితే రక్తమనే మాట దగ్గర ఆగిపోతుంది. కొండలలో బలి అలంకారం కాదు. కోదులు భూదేవతకు మెరియా పేరిట మనుష్యులను బలి ఇచ్చి, ఆ మాంసపు ముక్కలను చేలలో పాతేవారు. దానిని అణచడానికి కుంఫిణీ ప్రభుత్వం 1845లో ప్రత్యేక ఏజెన్సీని ఏర్పరచింది. అది 1861 వరకు సాగింది. తరువాత మనిషి స్థానంలో దున్నపోతు వచ్చింది. ఇస్సాకుకు బదులు పొట్టేలు దొరికిన అబ్రాహాము కథను ఇటువంటి శ్రోతల ముందు చదివితే, దానికి వ్యాఖ్యానం అవసరమా? ఒకరికి బదులు మరొకరు చావడమన్నది వారికి తెలిసిన సంగతే. తెలియనిది హెబ్రీ పత్రిక చెప్పేది: ఒక్కసారితో బలులన్నీ ముగిశాయన్నది.

సాలూరు మిషనుకు చెందిన ఎఫ్.వి.పి. షుల్జ్ 1911లో కువి భాషా వ్యాకరణాన్నీ, 1913లో పదకోశాన్నీ ప్రకటించాడు. బోధించదలచిన మాట ఎదుటివాని భాషలో ఏమవుతుందో తెలుసుకోవాలన్న శ్రద్ధ అందులో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ బోధకులు నిర్బంధాల పాలై దేశం విడిచారు. సంఘాలు మిగిలాయి.

మిగిలిన ప్రశ్న మరింత ఇరుకైనది. అరకు ప్రాంతంలో చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. విత్తనాలకు పూజ చేస్తారు, మగవారు వేటకు వెళతారు, దొరికినది పంచుకుంటారు. గ్రామదేవతకు కోసిన దానిలోనూ ఇంటింటికీ వాటా ఉంటుంది. ఆ వాటా తీసుకోనివాడు ఒక్క మాంసాన్నే కాదు, ఊరినీ కాదన్నట్టే. పౌలు కొరింథీయులకు రాస్తూ విగ్రహం వట్టిదేనన్నాడు. అంగడిలో అమ్మేది విచారించకుండా తినమన్నాడు. అయితే అది బలి అర్పించినదని ఎవరైనా చెబితే తినవద్దన్నాడు. కొండ ఊరిలో ఎవరూ చెప్పనక్కరలేదు, దిసారి రోజు నిర్ణయించినప్పుడే అందరికీ తెలుసు. కనుక అక్షరాన్ని పట్టుకున్నవాడు వాటాను తిప్పి పంపుతాడు. విగ్రహం వట్టిదన్న మాటను పట్టుకున్నవాడు ఆకులో పెట్టిన ముక్కను ఇంటికి తీసుకువెళతాడు. ఇద్దరి వద్దా ఉన్నది ఒకే పత్రిక, రెండు మూడు అధ్యాయాల ఎడంతో.