గాజు తొట్టిలో గౌరామి పరాయి చేప కాదు

హోసూరు, కృష్ణగిరి అక్వేరియం అంగళ్ళలో పిల్లలు ముచ్చటపడి కొనే గౌరామిని మనం సింగపూరు చేపో, బ్యాంకాకు చేపో అనుకుంటాం. ఫైటర్ చేప సంగతైతే నిజమే, దాని పుట్టిల్లు థాయ్‌లాండ్. కానీ ఎరుపు నీలం చారల డ్వార్ఫ్ గౌరామి, తేనెరంగు హనీ గౌరామి మన గంగ, బ్రహ్మపుత్ర నీళ్ళవి.

వీటిని 1822లో గంగ చేపల పుస్తకంలో వర్ణించింది ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్. టిప్పు పడిపోయిన మరుసటి ఏడు, 1800లో, వెల్లెస్లీ పంపగా మద్రాసు నుంచి మైసూరు, కన్నడ, మలబారు సీమలు తిరిగి పంటలూ చేతిపనులూ రాసుకున్న డాక్టరు ఆయనే. చేపలకు కొత్త పేర్లు కల్పించకుండా అక్కడివాళ్ళ పేర్లనే లాటిన్‌లోకి తెచ్చాడు. బెంగాలీ ఖోలిషా అలా కోలిసా అయింది. 1870ల్లో పారిస్‌లో కార్బోనియే అనే ఆయన గంగ గౌరామిని తొట్టిలో పెంచి పిల్లలు పెట్టించాడు.

దక్షిణాదికీ సొంత చేప ఉంది, వేలెడంత కూడా ఉండదు. 1831లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే దానికి పెట్టిన కుపానస్ అనే పేరు పుదుచ్చేరి పక్కనున్న అరియాంకుప్పం ఏటిది. అక్కడికి దగ్గర్లోనే, కడలూరు వద్ద, మన దక్షిణ పినాకిని సముద్రంలో కలుస్తుంది.

ఈ జాతులన్నిటికీ మొప్పల పైన మడతలు మడతలుగా ఒక అర ఉంటుంది. అదే లాబిరింత్. పైకొచ్చి గాలి మింగి అందులో నింపుకుంటాయి కాబట్టి మురికి గుంటలోనూ బతుకుతాయి. చాలావాటిలో మగచేప నురగతో గూడు కట్టి గుడ్లను కాస్తుంది. (కెలవరపల్లి డ్యామ్ దగ్గర పొంగే నురగ వేరు, అది ఎగువ మురుగు చేసే పని!)

వీటి పెద్ద చుట్టం తాటిచెట్టు ఎక్కుతుంటే 1791లో తరంగంబాడిలో చూశానని డానిష్ సైనికుడు డాల్‌డార్ఫ్ రాశాడు. 1797లో లండన్ లిన్నేయన్ సొసైటీ దాన్ని అచ్చువేసింది. నేలమీద పాకడం వరకు నిజం, తాటిచెట్టు సంగతి శాస్త్రజ్ఞులు చాలామంది నమ్మలేదు. తమిళులు మాత్రం పనైయేరి కెండై అనే పిలుస్తారు.

ఎవరో రాసిపెట్టబట్టే బెంగాలు జాలరి మాట లోకమంతా తిరిగింది. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక ఇక్కడ మన పిల్లల తెలుగు చదువు చిక్కిపోయింది. చెరువు మాటలు అంతకన్నా ముందే జారిపోతున్నాయి. మీ ఇంటి పెద్దలు చెరువు చేపలకు వాడే పేర్లు అడిగి, ఊరి పేరుతో సహా కింద రాయండి.