ఊపిరి కోసం పైకి

మార్చి నెల. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. చెప్పులు చేతబట్టుకుని విశాఖ ఆర్.కె. బీచ్ ఇసుకలో నిలబడ్డారు మీరు. అటవీశాఖ వాళ్లు కంచె లోపలినుంచి బుట్ట తెచ్చి, అలలకు కాస్త ఎడంగా వంచారు. బిలబిలమంటూ ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు. ఇసుక వేడికి 45 నుంచి 60 రోజులు మాగిన గుడ్లలోంచి వచ్చినవి. వెలుతురు ఎటుంటే అటు పాకడం వాటి పుట్టుగుణం. ఒకటి రెండు అప్పుడే వెనక్కి, బీచ్ రోడ్డు దీపాల వైపు తిరిగాయి.

"కదలకండి బాబూ, కాళ్ల కిందుంటాయి!" కాపలా మనిషి కేక. అంతలో ఓ అల వచ్చి ముందు వరసను ఊడ్చుకుపోయింది.

ఇంకాస్త ముందుకెళ్తే పెద్ద తాబేలొకటి చచ్చి పడుంది. ఒంటిమీద గాయం లేదు. తాబేలు నీళ్లలోనే బతికినా గాలి కోసం పైకి రావాల్సిందే. ట్రాలర్ వలలో చిక్కుకుంటే అది కుదరదు. ఒడ్డుకు ఇలా కొట్టుకొచ్చేవాటిలో చాలావరకు ఊపిరాడక పోయినవే.

మధ్యాహ్నం అదే ఒడ్డున కురుసుర తలుపు తీస్తారు. సోవియట్ యూనియన్‌లో కట్టిన ఈ జలాంతర్గామి 1969లో మన నౌకాదళంలో చేరింది. 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 2001లో కొలువు చాలించి, మరుసటేడు మ్యూజియం అయింది. 91 మీటర్ల పొడవు. లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాలి. గుండ్రటి తలుపుల దగ్గర ముందు కాలు, తర్వాత తల, ఆ తర్వాతే మీరు. ఇందులో డెబ్భై మందికి పైగా నావికులు రోజుల తరబడి గడిపేవారు.

డీజిల్ ఇంజన్ల దగ్గర గైడు ఆగాడు. బ్యాటరీలు చార్జ్ చేయాలంటే ఇవి తిరగాలి, ఇవి తిరగాలంటే గాలి కావాలి. అందుకని నీటి పైభాగానికి దగ్గరగా వచ్చి గొట్టం పైకెత్తేవారు. శత్రువు కంటపడేదీ అప్పుడే.

తర్వాత ఘాజీ కథ ఎత్తుకున్నాడు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడ్డానికి వచ్చిన ఆ పాకిస్తాన్ జలాంతర్గామి 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ ఈ ఒడ్డుకు దగ్గర్లోనే మునిగింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దెబ్బకే మునిగిందని మనం అంటాం, ప్రమాదవశాత్తు పేలిందని వాళ్లంటారు. అందులోని తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ పైకి రాలేదు. ఓడ ఇప్పటికీ అడుగునే ఉంది.

2017లో 'ఘాజీ' సినిమా చూస్తూ మీరూ చప్పట్లు కొట్టే ఉంటారు. పడకకు భుజం రాసుకుంటూ ఇక్కడ అదే కథ వింటుంటే చేతులు లేవవు. గెలిచింది మనమే. ఆ మాట బయట విక్టరీ ఎట్ సీ స్మారకం చెబుతుంది. ఓడినవాళ్లు కూడా ఇలాంటి ఇరుకులోనే మసలి, ఇలాంటి పడకల మీదే నిద్రపోయి వచ్చారన్నది కురుసుర లోపలికి దిగితేనే ఒంటికి తెలుస్తుంది.