బ్రేకు, క్లచ్ లివర్లు: మోటార్‌సైకిల్ హ్యాండిల్ చరిత్ర

తొలి మోటార్‌సైకిళ్లకు క్లచ్ లివరు లేదు, అసలు క్లచ్చే లేదు. 1894లో మ్యూనిక్‌లో హిల్డెబ్రాండ్, వుల్ఫ్‌ముల్లర్ అమ్మకానికి తయారుచేసిన బండిలో ఇంజిన్ కడ్డీలు నేరుగా వెనక చక్రాన్ని తిప్పేవి. చక్రం ఆగితే ఇంజిన్ ఆగిపోయేది. మళ్లీ కదలాలంటే తోసుకుంటూ పరుగెత్తి, ఇంజిన్ అందుకోగానే పైకెక్కాలి. బ్రేకు సైకిల్ నుంచి తెచ్చుకున్నదే. ఇనుప రేకు ఒకటి ముందు టైరును ఒత్తుకునేది.

లివరు హ్యాండిల్ మీద స్థిరపడటానికి దారి తీసింది క్లచ్‌కూ బ్రేకుకూ ఇప్పటికీ వాడే వైరు. ఇంగ్లండులో ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ 1896లో దానికి పేటెంటు పొందాడు. చుట్టలు తిరిగిన బయటి గొట్టం, దాని లోపల జారే ఉక్కు తీగ, అంతే. అప్పటివరకు చేతి బలం చక్రం దాకా చేరాలంటే వరసగా కడ్డీలు, కీళ్లు కావలసి వచ్చేవి. హ్యాండిల్ తిరిగినప్పుడల్లా వాటితో చిక్కే. వైరు ఎటు వంచినా పనిచేస్తుంది కాబట్టి లివరును చేతికి అందే చోట బిగించే వీలు కలిగింది. అయినా దాని రూపం వెంటనే కుదురుకోలేదు. 1930ల దాకా చాలా బ్రిటిష్ బళ్లలో లివరు తలకిందులుగా ఉండేది. ఇరుసు హ్యాండిల్ చివర, కొన లోపలి వైపు.

ఏ చేతికి ఏ పని అన్నది తేలడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. అమెరికాలో హార్లే డేవిడ్‌సన్, ఇండియన్ బళ్లకు క్లచ్ కాలి దగ్గర, గేరు రాడ్డు పెట్రోలు ట్యాంకు పక్కన ఉండేవి. 1920ల చివర ఇంగ్లండులో వెలొసెట్ కంపెనీకి చెందిన హెరాల్డ్ విలిస్ కాలితో ఒక్కో గేరూ కచ్చితంగా పడే పద్ధతిని రూపొందించాడు. గేరు కాలికి వెళ్లడంతో ఎడమ చేయి క్లచ్‌కు మిగిలింది. హార్లే ఆ మార్గంలోకి వచ్చింది 1952లో. గేరు కుడి కాలికా ఎడమ కాలికా అన్న తగువు ఇంకా సాగింది. తిరువొత్తియూరులో 1950ల మధ్యలో మొదలైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కు దశాబ్దాల పాటు గేరు కుడి వైపే ఉండేది. చేతుల విషయంలో మాత్రం రాజీ ముందే కుదిరింది. కుడి చేతికి ముందు బ్రేకు, ఎడమ చేతికి క్లచ్.

దీనికి ఒదగని బళ్లూ వచ్చాయి. 1946 నాటి వెస్పా, ఆ వరసలో మన దేశంలో నడిచిన బజాజ్ చేతక్, క్లచ్‌నూ గేరునూ రెండింటినీ ఎడమ చేతికే అప్పగించాయి. మైసూరులో తయారైన జావాలో కాలితో గేరు వేస్తే క్లచ్ దానంతటదే విడేది. 1958 నాటి హోండా సూపర్ కబ్ క్లచ్ లివరునే తీసేసింది.

కంపెనీ ఇచ్చిన లివరు తీసి వేరేది బిగించే అలవాటు యుద్ధానంతర బ్రిటన్‌లో బలపడింది. లండన్ ఏస్ కేఫ్ చుట్టూ వేగంగా తిరిగిన యువకులు రేసు బళ్ల రూపం కోసం హ్యాండిళ్లు, లివర్లు మార్చుకునేవారు. బర్మింగ్‌హామ్‌లో ఆమల్, డోహర్టీ, జర్మనీలో మగురా, ఇటలీలో టొమ్మసెల్లి ఈ సరుకుకు పేరుపడ్డాయి. ఈ వ్యాపారంలో అన్నిటికన్నా ముఖ్యమైన కొలత కంటికి ఆనదు. అది ఇరుసుకూ వైరు గుండు కూర్చునే గుంటకూ మధ్య దూరం. బ్రిటిష్ క్లచ్ లివర్లలో అది రెండు రకాలు. ఒకటి 7/8 అంగుళం, అంటే సుమారు 22 మిల్లీమీటర్లు. రెండోది సుమారు 27 మిల్లీమీటర్లు. వేళ్లు ఇరుసుకు 120 మిల్లీమీటర్ల దూరంలో లాగుతున్నాయనుకుంటే మొదటి దానిలో చేతి బలం దాదాపు అయిదున్నర రెట్లవుతుంది, రెండో దానిలో నాలుగున్నర రెట్లే. చిన్న కొలతతో క్లచ్ తేలికవుతుంది, కానీ వైరు తక్కువ జరుగుతుంది కాబట్టి క్లచ్ ప్లేట్లు పూర్తిగా విడవకపోవచ్చు. పెద్ద కొలతతో ప్లేట్లు శుభ్రంగా విడతాయి, చేయి నొప్పి పెడుతుంది. రెండూ ఒకే లివరుతో దొరకవు.

1969లో హోండా సీబీ 750 ముందు చక్రానికి డిస్క్ బ్రేకుతో పెద్దఎత్తున తయారై వచ్చింది. అప్పటి నుంచి కుడి చేతి లివరు వైరును లాగడం మాని మాస్టర్ సిలిండరులో పిస్టన్‌ను నెట్టడం మొదలుపెట్టింది. మన దేశంలో ఈ మార్పు 1999 నాటి సీబీజెడ్, 2001 నాటి పల్సర్ తరంతో విస్తరించింది. డిస్క్ వచ్చినా పాత సూత్రం పోలేదు. బ్రెంబో ఆర్‌సీఎస్ మాస్టర్ సిలిండరులో చిన్న మర తిప్పితే ఇరుసుకూ పిస్టన్‌కూ మధ్య దూరం 18 నుంచి 20 మిల్లీమీటర్లకు మారుతుంది. ఆ రెండు మిల్లీమీటర్లతోనే బ్రేకు స్వభావం వేరవుతుంది.

రేసులు లివరు కొసను మార్చాయి. పడినప్పుడు ఒంట్లో గుచ్చుకోకుండా కొనకు కనీసం 16 మిల్లీమీటర్ల గుండు ఉండాలని మోటోజీపీ నియమం. 2006 జూన్‌లో బార్సిలోనా దగ్గర కటలాన్ రేసు మొదలైన క్షణాల్లోనే సెతె జిబెర్నావ్ బండి, జట్టు సహచరుడు లోరిస్ కపిరోస్సి బండికి తగిలింది. జిబెర్నావ్ బ్రేకు లివరు నొక్కుకుపోయి ముందు చక్రం బిగుసుకుంది, బండి పల్టీ కొట్టింది. అతని కాలర్ ఎముక విరిగింది. పక్క బండి తగిలినా లివరు నొక్కుకోకుండా ఆపే అడ్డుకడ్డీ ఇప్పుడు ఆ రేసుల్లో తప్పనిసరి. పడితే విరగకుండా మడతపడే లివర్లూ రేసుల నుంచే వచ్చాయి.

సామాన్యుడి బండిలో పాత ఉక్కు లివరు పడితే వంగేది, సుత్తితో సరిచేసుకునేవారు. పోత అల్యూమినియం లివరు విరుగుతుంది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో లివర్ల అమ్మకం చాలాకాలం ఇలా విరిగిన వాటి బదులుగానే సాగింది. తరవాత సీఎన్‌సీ యంత్రాల మీద 6061 రకం అల్యూమినియం దిమ్మెలను కోసి చేసిన రంగురంగుల లివర్లు వచ్చాయి. వీటిలో పొట్టివి ఎక్కువ అమ్ముడవుతాయి. డిస్క్ బ్రేకుకు రెండు వేళ్లు చాలు కాబట్టి అక్కడ అవి చెల్లుతాయి. వైరుతో నడిచే డ్రమ్ము బ్రేకుకు నాలుగు వేళ్ల బలం కావాలి, అక్కడ పొట్టి లివరు పెట్టుకోవడం పొరపాటే. 2019లో మన దేశంలో 125 సీసీ దాకా కొత్త బళ్లకు, రెండు బ్రేకులనూ కలిపి పట్టించే సీబీఎస్ గానీ చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ గానీ తప్పనిసరి చేశారు. సీబీఎస్ ఉన్న స్కూటర్లలో ఎడమ లివరు రెండు చక్రాలనూ పట్టుకుంటుంది. ఆ జోడింపుకు సరిపడని లివరు పెడితే ముందు, వెనకల పంపకం చెడుతుంది.

కొత్త లివరు కొనేటప్పుడు రంగు, పొడవు, మడత కంటే ముందు చూడాల్సింది పిస్టన్‌కు ఆనే చోటు. డిస్క్ బ్రేకు లివరును వదిలేసినప్పుడు దానికీ పిస్టన్‌కూ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. అది లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, బ్రేకు నూనె తిరిగి తొట్టెలోకి పోయే రంధ్రం మూసుకునే ఉంటుంది. బండి నడిచేకొద్దీ నూనె వేడెక్కి వ్యాకోచించి, ఎవరూ నొక్కకుండానే ప్యాడ్లు డిస్కును పట్టేస్తాయి. అందువల్ల కొత్త లివరు బిగించాక బండిని స్టాండు మీద పెట్టి, చక్రం లేపి, బ్రేకు నొక్కి వదిలాక చేత్తో తిప్పి చూడాలి. తేలిగ్గా తిరగకపోతే ఆ లివరుతో రోడ్డెక్కకూడదు.